చేపల మందు

మందు రాయకుండా ఉంటే బాగుండునని కోరుకుంటూ ప్రభుత్వాసుపత్రి బల్ల మీద కూర్చున్నవాణ్ణి ఈ మండలం మొత్తం మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఒళ్ళో జెస్సీ దగ్గుతోంది. నా కూతురు ప్రసన్న బిడ్డ, నాలుగేళ్ళది. నాలుగు రోజుల కింద ముక్కు కారడం మొదలైంది, రెండు రోజులు ఒళ్ళు కాలింది, నిన్న జ్వరం దిగి దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా దాని వీపు నా రొమ్ముకి వచ్చి తగులుతోంది. పొద్దున బస్సెక్కుతూ ప్రసన్న చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఆ డాక్టరమ్మ మందు రాయకపోతే ఎదురుగా నెల్సన్ అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళు నాన్నా. సూది వేయించి, పవరున్న యాంటీబయాటిక్ తీసుకునే ఇంటికి రా. నువ్వు వేయించకపోతే పన్నెండు గంటల బస్సుకి నేనే వచ్చి తీసుకెళ్తా." తాడేపల్లిగూడెంలో చీరల షాపులో పొద్దస్తమానం నిలబడి చేసే పని దానిది. మధ్యలో సెలవడిగితే మేనేజరు నలుగురిలో మాట అంటాడు. అయినా వస్తుంది. అల్లుడు చేపల లారీ తోలుకుంటూ ఒరిస్సా దాటి ఎక్కడో ఉన్నాడు. బిడ్డ విషయంలో ప్రసన్న ఎవరి మాటా వినదు, వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి మరీను. నా చీటీ పిలవడానికి ఇంకా గంట పడుతుందన్నారు. పట్టనీ. ఈ బిడ్డ ఒంట్లోకి అక్కర్లేని మందు మాత్రం వెళ్ళనివ్వను. కూతురు తిట్టినా సరే, నెల్సన్ నవ్వినా సరే, ఊరంతా ముసలాడికి మతి పోయిందన్నా సరే.

ఫ్యాను తిరగడం లేదు, డిసెంబరు కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఫినాయిల్ వాసన, దాని కింద కొల్లేటి వైపు నుంచి వచ్చిన వాళ్ళ చెప్పుల నల్లబురద వాసన. చేపల చెరువు కాపలావాణ్ణి కాబట్టి ఆ బురద వాసన నాకు ముప్పై ఏళ్ళుగా అలవాటు, ఒంటికి సబ్బు రుద్దినా పోయేది కాదు, మా ఆవిడ కృపమ్మ దుప్పటి మార్చేటప్పుడు గొణిగేది, మీతో పాటు చెరువు కూడా మంచమెక్కుతోందండీ అని. ఆమె గొణుగుడు కూడా మెత్తగా ఉండేది. బల్ల మీద నా పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో ఇద్దరు పిల్లలు, అందరివీ కారే ముక్కులే. "ఈవిడ దగ్గరికి రావడం దేనికండీ, ఉప్పునీళ్ళు పుక్కిలించమని మా అత్తగారు కూడా చెప్తాది" అంటోంది ఒకావిడ. "మీ అత్తగారికి జీతం లేదు కదండీ" అంది పక్కావిడ. నవ్వుకున్నారు. "ముందున్న డాక్టరుగారు మంచోరండి. మనం నోరు తెరవకముందే రాసేసేవారు." అవును, మంచోడే. ఆయన దగ్గరికీ వెళ్ళాం. తల పైకెత్తకుండా రాసేవాడు, చేతిలో ఏదో ఒకటి పడేది, మనకి మర్యాద దక్కినట్టుండేది. మందు లేకుండా తిరిగి వస్తే ఏదో అవమానం జరిగినట్టు ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళే జాతి మనది. "తాతగారూ, పాపకి జలుబాండీ? ఇక్కడ పొద్దు పుచ్చకండి, ఎదురుగా నెల్సన్ గారి దగ్గరైతే అయిదు నిమిషాల పని" అని ఆ మొదటావిడే నా మీద జాలి పడింది. తెలుసమ్మా, పాతికేళ్ళు వెళ్ళాను అన్నాను. "మరింకేమండీ?" మా ఆవిడ పోయింది అన్నాను. ఆవిడ పిల్లాణ్ణి అటు తిప్పుకుంది. ఆ మాట అంటే జనం నోరు మూస్తారు. అందుకే అంటాను.

మా ఊరి ఆరెంపీ డాక్టరు నెల్సన్ చెడ్డవాడు కాదు. అదే నాకు కోపం. చెడ్డవాడైతే పాతికేళ్ళు వెళ్ళేవాళ్ళం కాదు. వర్షంలో సైకిలు తోసుకుంటూ గట్టు మీదికి వచ్చేవాడు, చర్చిలో మా వెనక బెంచీలో కూర్చునేవాడు, కృపమ్మని పిన్నీ అని పిలిచేవాడు, సూది వేసిన చోట తనే దూదితో రుద్దేవాడు. అతని పాకలో ఏ రోగానికైనా ఒకటే వరస, నడుముకి ఒక సూది, కాగితం పొట్లంలో మూడు రంగుల మాత్రలు, మూడు రోజులకి. తుమ్మినా అదే. గొంతు గరగరమన్నా అదే. చలికాలం మొదట్లో మేత ధూళికి కృపమ్మకి దగ్గొచ్చేది, తవుడూ వేరుశనగ చెక్కా కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపేది ఆమే, ఆ సంచుల్ని పడవలో తీసుకెళ్ళి చెరువులో పాతిన వెదురుగడలకి కట్టేది నేను. గాలి ఎటు వీస్తే అటు తెల్లగా ధూళి, కనురెప్పల మీద కూడా. ధూళికి దగ్గొస్తే మందెందుకు అని ఆ రోజుల్లో ఎవరూ అనలేదు, అన్నా నేను వినేవాణ్ణి కాను. రెండు రోజులు వేసుకునేసరికి నెమ్మదించేది, మూడో రోజువి మందుల డబ్బాలో పడేవి. ఆ డబ్బా నాకిప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది, బిస్కెట్ల రేకుడబ్బా, మూత మీద గులాబీలు. మా గట్టు మీద నాలుగు కాపలా పాకలకీ అదే మందుల షాపు. పక్క చెరువు వాళ్ళ ఏసుకుమార్‌కి గొంతు నొప్పంటే అందులోంచి రెండు ఎర్రవి ఇచ్చేది, వాళ్ళ కోడలికి జ్వరమంటే సగం తెల్లది విరిచి ఇచ్చేది. ఖాళీ అట్ట తీసుకెళ్ళి గణపవరం మెడికల్ షాపులో చూపిస్తే ఇంకో అట్ట వచ్చేది, అట్ట చూడడమే తప్ప మనిషిని చూసేవాళ్ళు కాదు. కరోనా ఏడాది అయితే చెప్పక్కర్లేదు, ఇంటింటా ఆ అయిదు రోజుల మాత్ర, దగ్గిన వాళ్ళూ వేసుకున్నారు, దగ్గుతామేమోనని భయపడ్డ వాళ్ళూ వేసుకున్నారు. మేమూ వేసుకున్నాం. రెండుసార్లు.

జెస్సీ నా చొక్కా గుండీ లాగుతోంది. తాతా, ఆకలి అంది. ఆకలేస్తోంది కదా, మంచిదే. జేబులోంచి బిస్కెట్ తీసి ఇచ్చాను. కృపమ్మ చివరి వారం ఏమీ తినలేదు, చెంచాతో కొబ్బరినీళ్ళు పోస్తే నోటి పక్క నుంచి కారిపోయాయి. అది ఇప్పుడు తలుచుకోను. ఇంకోటి ఉంది, దాన్ని తలుచుకోవాలి, దాన్ని తప్పించుకోవడానికే నేను నెల్సన్‌నీ మెడికల్ షాపునీ ముందుకు తోస్తున్నాను, బల్ల మీద నా పక్కన కూర్చున్న వాళ్ళని కూడా తోస్తాను వీలైతే. చేపల మందు. శీలావతి చేపకి ఎర్ర మచ్చలు వస్తే మేతలో కలిపే పసుప్పచ్చ పొడి. బస్తా అడుగున తడి తగలకుండా గుడ్డలో కట్టి దాచేవాణ్ణి. మేతలో కలిపిన రోజు చేతులు పసుపు రంగుకి తిరిగేవి. ఆ మందు తెచ్చే షాపాయన ఒకరోజు నేను దగ్గుతుంటే నవ్వుతూ అన్నాడు, "అదే వేసుకోవయ్యా యోసేపూ, మనుషుల మందే అది, చేపల కోసం పేరు మార్చారంతే." చెరువు కాపలా వాళ్ళం చాలామందిమి వేసుకున్నాం. ఎవరూ చావలేదు. మూడు రోజుల్లో దగ్గు తగ్గేది. దగ్గు దానంతటది తగ్గేదని నాకు ఎవరు చెప్పాలి? అది తగ్గింది, పేరు పొడికి వచ్చింది. అక్కడి నుంచి కృపమ్మకి కూడా మొదలుపెట్టాను. ఊళ్ళోకి రెండు మైళ్ళు నడిచి వెళ్ళడమెందుకు, నెల్సన్ పాకలో గంట కూర్చోవడమెందుకు. వేలెడు పొడి, అరటిపండు ముక్క మధ్యలో పెట్టి, ముక్క మూసి. చేదు రాకుండా మింగెయ్యి అనేవాణ్ణి. "చేపకి పనిచేసింది నాకు పనిచేస్తుందాండీ" అని ఒక్కసారి అడిగింది. నీకూ చేపకీ తేడా ఏముందే, ఇద్దరూ నా చేతి మేత తినేవాళ్ళే అన్నాను. నవ్వింది. ఆ నవ్వు కోసం అన్నాను ఆ మాట. ఆరు చలికాలాలు.

మూడేళ్ళ కిందట కృపమ్మని చేర్చిన ఏలూరు ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి ఒక కాగితం చూపించాడు. మూత్రంలో మొదలైన పురుగు రక్తంలోకి వెళ్ళిందన్నాడు. కాగితం మీద ఒక వైపు మందుల పేర్లు, రెండో వైపు ఒక్కో ఇంగ్లీషు అక్షరం. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను, లారీల నంబర్ ప్లేట్ల మీద చూసి అక్షరాలు గుర్తుపడతాను. ఆర్, ఆర్, ఆర్, కింది దాకా అదే. ఆర్ అంటే ఏమిటండీ అన్నాను. "ఈ మందుకి పురుగు లొంగదని అర్థమండీ." అన్నిటికీనా అంటే చిట్టచివరి పేరు మీద వేలు పెట్టాడు. చివర ఒకటి మిగిలింది, అది కిడ్నీలకి మంచిది కాదు, అయినా వేశారు, అదీ పనిచేయలేదు. ఇంతకు ముందు ఏమేం మందులు వాడారు, ఎన్నిసార్లు, పూర్తిగా వాడారా అని అడిగాడు ఆ కుర్రాడు కాగితం పట్టుకుని. ప్రసన్న నా పక్కనే నిలబడి ఉంది. ఊళ్ళో డాక్టరు ఇచ్చినవి అన్నాను. అంతే చెప్పాను. పొడి సంగతి నా నాలుక చివర దాకా వచ్చి అక్కడే చచ్చింది. ఏ మందు వల్ల ఇలా అయ్యిందో ఎవరూ చెప్పలేరండి, ఏళ్ళ తరబడి జరిగేది ఇది, మీ ఒక్క ఇంట్లోదీ కాదు అని అతను నన్ను ఓదార్చాడు. అతను చెప్పలేడు. నేను చెప్పగలను. అయిదో రోజు పగలు పదకొండింటికి, అందరికీ అన్నం క్యారేజీలు వచ్చే వేళకి, కృపమ్మ పోయింది. ఆ వార్డులో అందరూ మూతలు తీస్తున్నారు, పప్పుచారు వాసన. అప్పటి నుంచి ప్రసన్న ఒకటే మాట. ఏలూరులో అమ్మకి మంచి మందు వేయలేదు, చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఆ మాట మూడేళ్ళుగా విన్నాను. ఒక్కసారి కూడా కాదనలేదు. కాదంటే పొడి సంగతి రావాలి. అందుకే ఇప్పుడు దాని బిడ్డ తుమ్మితే చాలు అది పవరున్న మందు అంటుంది. ఆ భయం దానికి పెట్టింది నేను, నోరు మూసుకుని పెట్టాను.

కిటికీలోంచి నెల్సన్ కనిపిస్తున్నాడు. పాక పోయి ఇప్పుడు సిమెంటు గది, గ్లాసు తలుపు. మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, రోడ్డు దాటి కిటికీ దగ్గరికే వచ్చాడు. "బాబాయ్, ప్రసన్న ఫోన్ చేసిందండి. పాపని తీసుకురండి, చిన్న సూది, నొప్పి కూడా తెలీదు." అక్కర్లేదు అన్నాను. "పిన్ని పోయిన దగ్గర్నుంచి మీకు మందంటేనే పడట్లేదు బాబాయ్." మందంటే పడుతుంది, నువ్వు ఇచ్చే తీరు పడట్లేదు అన్నాను. బల్ల మీద ఆడవాళ్ళు మాటలాపి వింటున్నారు. నెల్సన్ ముఖం చిన్నబోయింది, చిన్నబోనీ. "నేనివ్వకపోతే ఇంకొకడి దగ్గరికి వెళ్తారండి జనం. వద్దు, తగ్గిపోతుంది అని ఒక్కరికి చెప్పి చూడండి, రేపటి నుంచి ఆ ఇంట్లో వాళ్ళు మన వైపు చూడరు" అన్నాడు నెమ్మదిగా. అదీ నిజమే. మేము చూసేవాళ్ళం కాదు. నిజమైనంత మాత్రాన ఒప్పేసుకోవాలా? పో నెల్సన్, నీ కోసం ఎవరో వచ్చారు అన్నాను. వచ్చారు కూడా.

నా చీటీ పిలిచారు. డాక్టర్ మృదుల అని బల్ల మీద పలక. ప్రసన్న కంటే చిన్నది. కళ్ళ కింద నలుపు. జెస్సీ గొంతు చూసింది, చెవులు చూసింది, గౌను పైకెత్తి, వాచీ చూస్తూ ఒక నిమిషం పాటు ఒక్క మాట లేకుండా దాని పొట్ట కదలడమే చూసింది. నా వైపు ఏ డాక్టరూ అంతసేపు చూడలేదు, కృపమ్మ వైపూ చూడలేదు. "ఊపిరి నిమిషానికి ముప్పై. బాగుందండీ. ఇది వైరస్ వల్ల వచ్చిన జలుబు, దీని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. దగ్గు రెండు వారాలు ఉండొచ్చు, మూడో వారం దాకా కూడా సాగొచ్చు. గోరువెచ్చని నీళ్ళు తాగించండి, పడుకునే ముందు చెంచా తేనె." తర్వాత వచ్చే మాట కోసం ఆమె భుజాలు బిగించుకుంది, నాకు కనిపించింది. రోజూ యాభై మంది అనే మాట అది, ఇంతేనా, ఈ మాత్రానికేనా మేమొచ్చింది. నేను అనలేదు. మందు ఎప్పుడిస్తారు, అది చెప్పండి అన్నాను. ఆమె నన్ను కొత్తగా చూసింది. "ఇలా గౌనెత్తి చూడండి. నిమిషానికి నలభై, అంతకు మించి ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా, నీళ్ళు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, జ్వరం మళ్ళీ వచ్చినా, ఏ వేళైనా సరే తీసుకురండి. అప్పుడు నేనే ఇస్తాను యాంటీబయాటిక్. అప్పుడు పనిచేయాలనే ఇప్పుడు వద్దంటున్నా." ఊపిరి లెక్కపెట్టడం నా చేత చేయించింది, నా వేలు జెస్సీ పొట్ట మీద పెట్టించి. పైకి, కిందికి, అది ఒకటి. మీరు పదిహేనేళ్ళ కిందట రావలసిందమ్మా అన్నాను లేస్తూ. "అప్పుడు నేను తొమ్మిదో తరగతండీ" అంది. నవ్వలేదు, నేనూ నవ్వలేదు. తలుపు దగ్గర తర్వాతి ఆవిడ నా చేతుల వైపు చూసింది. ఖాళీ చేతులు. చూపించాను.

గేటు పక్క అరుగు మీద కూర్చుని ప్రసన్నకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. ఏమన్నారంది. జలుబే, యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు, ఊపిరి ముప్పై, నలభై దాటితే రమ్మన్నారు అన్నాను. "నాకు తెలుసు ఆవిడ అంతేనని. నెల్సన్ అన్నయ్యకి చెప్పాను, వెళ్ళు." వెళ్ళను అన్నాను. "నాన్నా, అమ్మని ఇలాగే పోగొట్టుకున్నాం. ఏలూరులో మంచి మందు వేసుంటే బతికేది. నా బిడ్డని కూడా అలా చెయ్యనివ్వను, నేను పన్నెండింటి బస్సుకి వస్తున్నా." మాట పూర్తి చేయనిచ్చాను. నాకు ఈ అరుగు మీద నుంచి పారిపోవడానికి దారులున్నాయి, సిగ్నల్ లేదనొచ్చు, ఒళ్ళో పాప ఏడుస్తోందనొచ్చు. ఏలూరులో ఉన్న మంచి మందులన్నీ వేశారే అన్నాను. ఏదీ పనిచేయలేదు. ఎందుకంటే అవి పనిచేయకుండా ఇంట్లోనే తగలేశాం, నెల్సన్ సగం, నేను సగం. నీకు చెప్పనిదొకటుంది. అమ్మకి దగ్గొచ్చినప్పుడల్లా చేపల మేతలో కలిపే పొడి పెట్టాను. అరటిపండులో. ఏలూరులో డాక్టరు అడిగినప్పుడు నీ పక్కనే నిలబడి దాచాను. దాని వల్లే పోయిందని ఎవరూ రాసివ్వరు, నేను మాత్రం రాసుకున్నాను. నీ బిడ్డకి ఆ దారి పట్టించను. నువ్వు నా ముఖం చూడకపోయినా పట్టించను.

అవతల షాపులో మైకు ఎవరినో పట్టుచీరల సెక్షన్‌కి రమ్మంటోంది. ఆ తర్వాత "ఎన్నేళ్ళు?" అంది. ఆరేళ్ళు, చలికాలమల్లా. "అమ్మకి తెలుసా అది ఏ మందో?" తెలుసు. నేను పెడితే తింది. మళ్ళీ మైకు. తప్పయిందని అనొచ్చు ఇప్పుడు, ఏడవొచ్చు. అనను. అలా అంటే దాని ఏడుపు ఆపి నన్ను ఓదార్చాల్సి వస్తుంది, ఆ పని దానికి పెట్టను. జెస్సీ నా వాచీ గొలుసుతో ఆడుకుంటోంది, ఎండ వచ్చింది, రోడ్డు మీద ఐసు నీళ్ళు కార్చుకుంటూ చేపల వ్యాను వెళ్ళింది.

"ముప్పై అన్నది ఆవిడ కదా" అంది ప్రసన్న. "నువ్వు లెక్కపెట్టు. పైకి లెక్కపెట్టు. నేను లైన్లోనే ఉంటా."

ఫోన్ అరుగు మీద పెట్టాను. గౌను పైకెత్తి, పొట్ట మీద వేలు పెట్టి, వాచీ చూస్తూ లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. దారిన పోయేవాళ్ళు చూశారు. నెల్సన్ మెట్ల మీద నుంచి చూశాడు. గొంతు తగ్గించలేదు. మధ్యలో జెస్సీ దగ్గింది, అది ఆగేదాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి. నిమిషం అయింది. ముప్పై రెండు అన్నాను.

"సరే" అంది ప్రసన్న. ఆ తర్వాత, "సాయంత్రం వచ్చాక నేను లెక్కపెడతా" అంది.

సాయంత్రం అంది. పన్నెండింటి బస్సు అనలేదు.